రెండు క్రెడిట్లు

జనవరి. ప్రాసర్ ఊళ్లో ఫైర్ స్టేషన్ వెనక హాలు.
బయట మంచులో ద్రాక్షతీగలు
ఇనపకమ్ముల మీద ఎముకలు ఆరేసుకున్నాయి.
లోపల నలభైమంది, నలభై టోపీలు,
ప్రతివాడి ముందూ కాగితం కప్పులో కాఫీ,
ప్రతివాడి జేబులోనూ గడువు దగ్గరపడిన లైసెన్సు.

చట్టం అడుగుతుంది, ఇన్ని గంటలు కూర్చున్నావా అని.
ఆపిల్ చెట్టు అడగదు. పురుగు అసలే అడగదు.

మొదటి గంటంతా లేబుల్ చదవడం.
ఆవగింజలంత అక్షరాలు. కళ్లజోళ్లు ముక్కుల మీదికి జారాయి.
'డేంజర్' అన్న మాట మీద వేలుపెట్టి
యులాలియో మాద్రిగాల్ పక్కవాడికి స్పానిష్‌లో చెప్పాడు.
నేనూ లోపల్లోపల నా భాషలోకి తిప్పుకున్నాను.
అక్కడే ఎప్పుడూ తడబడతాను.
మేం దీన్ని మందు అంటాం.
జ్వరానికి మింగేదీ మందే,
సాయంత్రం గ్లాసులోకి వంచుకునేదీ మందే,
ఆకు మీద కొట్టేదీ మందే.
మూడు సీసాలు ఒకే అరలో పెట్టుకుని
చీకట్లో తడుముకునే భాష నాది.

రెండో గంటకి డెల్బర్ట్ ఊస్టర్‌హౌస్ లేచాడు.
డెబ్బై ఒకటి. చెర్రీ తోట. నలభై ఆరేళ్లుగా స్ప్రేయర్ లాగిన చేతులు.
"నాకు కొత్తగా నేర్పేదేముంది అమ్మాయ్? సరే, చూపించు."

ట్యాంకులో వట్టి నీళ్లే. అందులో కంటికి ఆనని రంగు,
యూవీ లైటు పడితేనే బయటపడేది.
గ్లవ్స్ తొడిగాడు, ఏప్రాన్ కట్టాడు, కలిపాడు, పోశాడు.
నాజిల్ మూసుకుపోతే అలవాటుకొద్దీ నోటితో ఊదబోయి
నా మొహం చూసి ఆగాడు. హాలంతా నవ్వు.
గ్లవ్స్ లాగేశాడు. చెవి గోక్కున్నాడు.
కుర్చీ జరుపుకుని, కాఫీ ఓ గుక్క తాగి,
"చుక్క ఒలికిందేమో చూడు" అన్నాడు.

లైట్లు ఆర్పమన్నాను.

ముందు చెవి వెలిగింది.
తర్వాత చొక్కా కాలరు, బెల్టు బకెల్,
కప్పు అంచు,
కుర్చీ వీపు మీద నాలుగు వేళ్లు.
మిణుగురులు వాలిన పొదలా ఉన్నాడు మనిషి.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
వెనక వరసలో ఎవరో టోపీ తీసి లోపలి అంచు చూసుకున్నారు.

ఈ తమాషా ఎన్ని ఊళ్లలో చేశానో. ఇక్కడ ఓ జోకు ఉంటుంది.
చెప్పలేకపోయాను.
డెల్బర్ట్ చేతుల్ని చూసుకోవడం లేదు,
చొక్కా చేతిమడతని చూస్తున్నాడు.
"మరి బట్టలో?" అన్నాడు.
"లొరేన్ నావీ పిల్లలవీ కలిపే వేసేది.
బావి నీళ్లు కదా, పొదుపు."

నలభై రెండో స్లైడులో ఉంది జవాబు.
విడిగా ఉతకాలి. వేడి నీళ్లు. రెండుసార్లు.
ఎండలో ఆరెయ్యాలి. తర్వాత ఖాళీ మెషీన్ ఓసారి తిప్పాలి.
ముప్పై ఏళ్ల కిందట ఉతికేసినవాటికి
ఏ స్లైడూ లేదు.
ఉన్నదే చెప్పాను.
ఎవరిదో ఉత్తరం పైకి చదువుతున్నట్టు వినిపించింది నా గొంతు.

యులాలియో వెళ్లి లైట్లు వేశాడు.
వెలుతురులో డెల్బర్ట్ మళ్లీ శుభ్రంగానే ఉన్నాడు.
మిగతా ఏడాదంతా ఇలాగే కనిపిస్తారు అందరూ.

సంతకాల కాగితం వరసలు తిరిగింది.
అతని వంతు వచ్చేసరికి పెన్ను ముట్టుకోకుండా
చేతులు కడుక్కొస్తానని వెళ్లాడు.
నీళ్ల చప్పుడు చాలాసేపు.
వచ్చి సంతకం చేసి, మిగిలిన డోనట్ ఒకటి
కాగితంతో పట్టుకుని, "లొరేన్‌కి" అన్నాడు.
"మోకాళ్లు. మెట్లు దిగలేదు. ఇప్పుడు ఉతికేది నేనే."

హాలు ఖాళీ అయ్యాక సామాను సర్దుతూ
ఊరికే లైటు నా మీదికి తిప్పుకున్నాను.
బొటనవేలు. కళ్లజోడు కాడ.
జుట్టు వెనక్కి తోసుకున్నచోట, నుదుటి మీద, ఓ చుక్క.

గ్లవ్స్ నాకూ ఉన్నాయి.
బ్యాగులో. కవరు విప్పనివి.